పాత కారులో చల్లగాలి: కొత్తగా పని నేర్చువారికి కొన్ని మాటలు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఈ మూడూళ్ల వారికి ఎండ కొత్త కాదు. పెనుకొండలో విజయనగర ప్రభువులు కట్టించిన గగన్ మహలు వారి వేసవి విడిది అని ప్రసిద్ధి. గాలి చొరబడు కమానులు, మందమైన గోడలు, ఎత్తయిన కప్పులు, ఇవే ఆనాటి చల్లదనమునకు సాధనములు. నేడు ఆ పెనుకొండకు చేరువనే, ఎర్రమంచి వద్ద, 2019లో తయారీ ఆరంభించిన కియా కర్మాగారము ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యముతో వెలసినది. అచ్చటినుండి వెలువడు బండ్లలో మీట నొక్కగానే చల్లగాలి వీచును.

కాని మన ఊళ్లలో తిరుగునవన్నియు కొత్త బండ్లు కావు. తండ్రి కొన్న అంబాసిడరును అమ్ముటకు మనసొప్పనివారు, పద్మినిని ముచ్చటపడి కాపాడుకొనువారు, కాంటెస్సాను వెదకి తెచ్చుకొన్నవారు అక్కడక్కడ ఉన్నారు. అంబాసిడరు తయారీ 2014లోను, కాంటెస్సా తయారీ 2002లోను ఆగిపోయినవి. బండి ఆగిపోయినను దాని మరమ్మతు ఆగిపోరాదు గదా! అందుచేత ఈ పాత కార్ల శీతల యంత్రమును బాగుచేయ నేర్చుకొనదలచిన యువకుడు మొదట ఏమి తెలిసికొనవలెను, ఏమి చేయరాదు అను విషయమును ఈ ప్రసంగమున ముచ్చటించుకొందము. కారు లేనివారికి కూడ ఇందు పనికివచ్చు మాటలు కొన్ని కలవు. ఇంటిలోని ఫ్రిజ్జు పనిచేయు సూత్రము కూడ ఇదియే.

మొట్టమొదట గ్రహింపవలసినది ఒకటి. ఈ యంత్రము చల్లదనమును పుట్టించదు. లోపలి వేడిమిని మోసికొనిపోయి వెలుపల పారవేయును, అంతే. మన ఇండ్లలోని మట్టికూజా చేయుపనియు ఇదియే. కూజా గోడలనుండి చెమర్చిన నీరు ఆవిరియగునప్పుడు తనకు కావలసిన వేడిని లోపలి నీటినుండి తీసికొనును. లోపలి నీరు చల్లబడును. నీటికి బదులు, సున్నకు 26 డిగ్రీలు దిగువననే మరిగిపోవు ద్రవమొకటి మనకు దొరికినదనుకొనుడు. అది ఎంత చలిలోనైనను ఆవిరియై వేడిని లాగుకొనగలదు. కార్లలో వాడు 134ఏ అను వాయువు అట్టిదే. దానికి ముందు వాడిన 12వ నంబరు ఫ్రియాన్ సున్నకు దాదాపు 30 డిగ్రీల దిగువన మరుగును.

కూజాలోనుండి పోయిన ఆవిరి మరల రాదు. యంత్రములోని ఆవిరిని మాత్రము పట్టి, మరల ద్రవముగా మార్చి, తిరిగి వాడుకొందుము. ఇందుకు అయిదు అంగములు కలవు. ఇంజనుకు బెల్టుతో తగిలించిన కంప్రెసరు ఆవిరిని నొక్కి పీడనము పెంచును. రేడియేటరు ముందున్న కండెన్సరు ఆ వేడి ఆవిరిని గాలికి చల్లార్చి ద్రవముగా మార్చును. డ్రయ్యరు అను చిన్న డబ్బా అందలి తేమను పీల్చుకొనును. ఎక్స్‌పాన్షన్ వాల్వు అను సన్నని ద్వారము ద్రవమును కొద్దికొద్దిగా వదలి పీడనము తగ్గించును. చివరకు కారు లోపలనున్న కూలింగు కాయిలులో ఆ ద్రవము మరిగి ఆవిరియగుచు లోపలి గాలిని చల్లబరచును. ఆ ఆవిరి మరల కంప్రెసరుకు చేరును.

ఇక్కడ పని నేర్చువానికి సహజముగా ఒక సందేహము కలుగును. హిందూపురములో మే నెల మిట్టమధ్యాహ్నము గాలియే 40 డిగ్రీలుండగా, ఆ గాలి కండెన్సరును ఎట్లు చల్లార్చును? సమాధానము పీడనములో ఉన్నది. పీడనము హెచ్చినకొలది ఆ వాయువు ద్రవమగు ఉష్ణోగ్రతయు హెచ్చును. చదరపు అంగుళమునకు 200 పౌండ్ల వద్ద 134ఏ వాయువు సుమారు 54 డిగ్రీలకే ద్రవమగును. 54 డిగ్రీల గొట్టమునకు 40 డిగ్రీల గాలి చల్లనిదే గదా! అటులనే కూలింగు కాయిలులో పీడనమును 30 పౌండ్లకు దింపినచో అది సున్నకు కొంచెము పైననే మరుగును. ఈ రెండు సంఖ్యలను మనసున నిలుపుకొన్నవానికి తక్కిన విద్యయంతయు క్రమముగా పట్టుబడును. మీటరు మీది ముల్లు అతనికి వట్టి అంకెను గాక లోపలి ఉష్ణోగ్రతను చెప్పుచుండును.

కారులో ఈ యంత్రమును అమర్చుట కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో ప్యాకార్డు కంపెనీవారు 1939లో ప్రదర్శించి, 1940 నమూనా కార్లతో అమ్మకమునకు పెట్టిరి. అందులో కంప్రెసరును ఆపు క్లచ్ లేదు. చల్లగాలి వలదనుకొన్నచో ఇంజను ఆపి, మూత తెరచి, బెల్టును ఊడదీయవలసి ఉండెను! యంత్రమును ఇంజను ప్రక్కనే పొందికగా అమర్చుపద్ధతిని 1954లో న్యాష్ కంపెనీవారు తెచ్చిరి. మన దేశములో పాత కార్లకు చాలవరకు ఈ యంత్రము కర్మాగారములో గాక, తరువాత బయటి షెడ్లలో అమర్చబడినది. అందుచేత రెండు అంబాసిడర్లలో గొట్టములు ఒకే తీరున ఉండునన్న నమ్మకము లేదు. పని నేర్చువాడు గొట్టము వెంట చేయివేసి, అయిదు అంగములను వరుసగా గుర్తుపట్టుటతోనే పాఠమారంభింపవలెను.

ఇక ఊళ్లలో జరుగుచున్న అలవాటును చూతము. వేసవి రాగానే యజమాని షెడ్డుకు వచ్చి, "మేస్త్రీ, కొంచెం గ్యాసు కొట్టి పంపించప్పా, పెండ్లికి పోవల్ల" అనును. గ్యాసు కొట్టుట జరుగును, పెండ్లి జరుగును, రెండు నెలలకు చల్లదనము మరల తగ్గును. మరుసటి వేసవికి మరల గ్యాసు, మరల డబ్బు. ఈ వాయువు పెట్రోలువలె ఖర్చయిపోవునది కాదు. అది మూసిన గొట్టములలో తిరుగునది. చల్లదనము పోవునంతగా తగ్గినదన్న, ఎచ్చటనో కారుచున్నదన్నమాట. ధర్మవరములో మగ్గము ముందు కూర్చున్న నేతగాడు పోగు తెగినచోట వెదకి ముడివేయును గాని, తెగిన పోగును అట్లే వదలి నేయుచు పోడు. పోయినచో ఆ తప్పు చీర పొడవునా కనబడును. కారుటను కనిపెట్టక గ్యాసు కొట్టుట కూడ తెగిన పోగుతో నేయుట వంటిదే.

ఇందు నష్టపోవువారు ముగ్గురు. మొదటివాడు యజమాని. కంప్రెసరుకు కావలసిన నూనె గ్యాసుతోపాటే తిరుగుచుండును. గ్యాసు కారినచోట నూనెయు కారును. నూనె చాలని కంప్రెసరు ఒకనాడు పట్టుకొనిపోవును. అప్పుడు ఖర్చు గ్యాసుతో పోదు. రెండవవాడు పనివాడు; అతనికి కలుగు ప్రమాదములను ముందు చెప్పుదుము. మూడవది మనకందరకు కప్పుగానున్న ఆకాశము.

ఆకాశము మాట వచ్చినది గనుక ఆ కథ కొంత తెలిసికొనవలెను. ఫ్రియాన్ వాయువులను 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందమువారు రూపొందించిరి. అవి మండవు, మనుష్యులకు విషము కావు. కనుక లోకమంతయు సంతోషముతో స్వీకరించినది. 1974లో మోలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు ఈ వాయువులు పైకెగసి, అందలి క్లోరిన్ వలన ఓజోను పొరను హరించునని హెచ్చరించిరి. సూర్యుని హానికర కిరణములనుండి పంటలను, కండ్లను, చర్మమును కాపాడునది ఆ పొరయే. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరములో దేశములు ఒడంబడిక చేసికొన్నవి. భారతదేశము 1992లో అందు చేరినది. 2000లో ఓజోను హారక పదార్థములపై నిబంధనలు వెలువరించినది. 2010 నాటికి ఫ్రియాన్ ఉత్పత్తికి స్వస్తి చెప్పినది. ఆ శాస్త్రజ్ఞులకు 1995లో మరియొకరితో కలిపి నోబెల్ బహుమానము లభించినది. ఓజోను పొర మెల్లగా కోలుకొనుచున్నదనియు, ధ్రువప్రాంతములు తప్ప మిగిలిన ప్రపంచమున 2040 ప్రాంతమునకు 1980 నాటి స్థితికి రాగలదనియు 2023లో ప్రకటింపబడిన అంతర్జాతీయ నివేదిక తెలిపినది.

134ఏ వాయువులో క్లోరిన్ లేదు. కనుక ఓజోనుకు హాని లేదు. అయితే భూమిని వేడెక్కించుటలో అది బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యి రెట్లకు పైగా బలమైనది. లెక్కవేసి చూడుడు: ఒక కారులోని 700 గ్రాముల 134ఏ వాయువును గాలిలోనికి వదలినచో కలుగు వేడిమి, దాదాపు ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుతో సమానము. అది సుమారు 430 లీటర్ల పెట్రోలు కాల్చినంత పని! పాత ఫ్రియాన్ అయినచో దానికి ఏడెనిమిది రెట్లు. షెడ్డులో 'బుస్సు'మని వినబడు ఒక్క నిమిషపు చప్పుడులో ఇంత దాగి ఉన్నది. అందుచేతనే 2016 నాటి కిగాలీ సవరణను భారతదేశము 2021లో ఆమోదించి, ఇట్టి వాయువుల వాడకమును 2028లో కట్టడిచేసి, 2047 నాటికి 85 శాతము తగ్గించుటకు అంగీకరించినది.

ఇక పని క్రమమునకు వత్తము. ఒక పాత అంబాసిడరు చల్లగాలి ఇచ్చుట లేదని షెడ్డుకు వచ్చినదనుకొందము. నేర్చువాడు పానా పట్టుటకు ముందు కన్ను పట్టవలెను. బెల్టు వదులై ఉన్నదా? ఫ్యూజు పోయినదా? మీట వేయగానే క్లచ్ 'టక్కు'మని పట్టుచున్నదా? కండెన్సరు రెక్కల నిండ దుమ్ము, పురుగులు చేరినవా? ఫ్యాను తిరుగుచున్నదా? ఈ ప్రశ్నలకు డబ్బు ఖర్చు కాదు. తరువాత గొట్టముల అతుకులను చూడవలెను. ఎక్కడ దుమ్ము నూనెతో కలిసి నల్లని జిడ్డుగా అంటియున్నదో, అక్కడ కారుచున్నదని చాలవరకు తెలిసికొనవచ్చును.

పిదప మీటర్లు తగిలింపవలెను. నీలము తక్కువ పీడనమునకు, ఎరుపు ఎక్కువ పీడనమునకు, నడుమనున్న పసుపు గొట్టము గ్యాసు నింపుటకు. ఇంజను ఆగియున్నప్పుడు రెండు ముండ్లు ఒకే అంకెను చూపును. 35 డిగ్రీల వేడిలో అది ఇంచుమించు 110 పౌండ్లు. ఇక్కడనే కొత్తవాడు మోసపోవును. "పీడనము సరిగా ఉన్నది, గ్యాసు నిండుగా ఉన్నది" అని తలచును. గొట్టములలో ద్రవము కొంచెమున్నను, నిండుగ ఉన్నను, అదే వేడిలో అదే పీడనము చూపును. వంటగ్యాసు సిలిండరు సగమయినను మంట తగ్గదు గదా! అటులనే ఇదియు. ఎంత ఉన్నదో త్రాసు చెప్పవలసినదే గాని ముల్లు చెప్పజాలదు.

ఇంజను నడచునప్పుడు ముండ్లు చెప్పు కథ వేరు. రెండును తక్కువగా ఉన్నచో గ్యాసు తక్కువ. రెండును ఎక్కువగా ఉన్నచో కండెన్సరుకు గాలి ఆడుట లేదు, లేక గ్యాసు మితిమీరినది, లేక లోపల గాలి చేరినది. నీలము ముల్లు సున్నకు దిగువకు పోయినచో వాల్వు మూసుకొనిపోయి యుండవచ్చును. నీలము ఎక్కువగా, ఎరుపు తక్కువగా ఉన్నచో కంప్రెసరు బలహీనపడినది. పాత బండ్లలో డ్రయ్యరుపై ఒక అద్దపు కన్ను ఉండును. ఫ్రియాన్ ఉన్నప్పుడు అందులో బుడగలు కనబడినచో గ్యాసు తక్కువ అని అర్థము. 134ఏ నింపిన బండిలో ఆ కంటిని నమ్మరాదు. బుడగలు పోవువరకు నింపినచో గ్యాసు హెచ్చగును.

కారుచున్నదని తేలిన పిదప, మిగిలిన గ్యాసును గాలిలోనికి వదలక, యంత్రముతో సిలిండరులోనికి లాగుకొనవలెను. ఆ యంత్రము ఖరీదైనదే. నాలుగు షెడ్లవారు కూడి ఒకటి కొనుక్కొనుట మంచిది. తరువాత పొడి నైట్రోజను ఎక్కించి, అతుకులపై సబ్బు నురుగు పూసి, బుడగ లేచుచోటు కనిపెట్టవలెను. ఈ పనికి ఆక్సిజను సిలిండరును ఎన్నడును వాడరాదు. అది నూనెతో కలిసి పేలును. చక్రములకు గాలి కొట్టు యంత్రపు గాలియు వలదు. అందు తేమ ఉన్నది.

ఫ్రియాన్ బండిని 134ఏకు మార్చవలసివచ్చినచో గ్యాసు ఒక్కటి మార్చిన చాలదు. పాత రబ్బరు వాషర్లు తీసి, కొత్త వాయువుకు తగిన ఓ-రింగులు వేయవలెను. పాత గొట్టములగుండ ఈ వాయువు మెల్లగా చెమర్చును. వీలైనచో గొట్టములను కూడ మార్చవలెను. పాత ఖనిజపు నూనె ఈ వాయువుతో కలియదు. దానిని తీసివేసి ఎస్టరు నూనె పోయుట మేలు. వ్యవస్థను తెరచినప్పుడెల్ల కొత్త డ్రయ్యరు వేయవలెను. దాని మూతలను చివరి నిమిషమువరకు తీయరాదు. తేమ లోపలికి చేరినచో వాల్వు వద్ద మంచుగా గడ్డకట్టును; కాలక్రమమున ఆమ్లమై లోహమును తినివేయును.

ఇప్పుడు వాక్యూము పంపు వంతు. గొట్టములలోని గాలిని లాగివేసిన కొలది అందలి నీరు తక్కువ వేడికే మరిగి ఆవిరియై బయటకు పోవును. ఇందు మన ఊళ్లవారు గుర్తుంచుకొనవలసిన విశేష మొకటి కలదు. పుస్తకములలో "29 అంగుళముల వాక్యూము రావలెను" అని వ్రాసియుండును. అది సముద్రతీరపు లెక్క. హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 620 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చట గాలి బరువే తక్కువ. ఎంత మంచి పంపు పెట్టినను ముల్లు ఇంచుమించు 27.8 అంగుళములు దాటదు. ధర్మవరము అంతకంటె పల్లమున, సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్నందున, 28.7 వరకు రాగలదు. ఇది తెలియనివాడు లేని రంధ్రమును వెదకుచు దినమంతయు వ్యర్థము చేసికొనును. లేదా మంచి పంపును పాడైనదని పారవేయును. ఊరి ఎత్తుకు తగిన అంకెను గోడమీద వ్రాసిపెట్టుకొనుట ఉత్తమము. కనీసము ముప్పావు గంట లాగి, పంపు ఆపి, అరగంట ముల్లును చూడవలెను. ముల్లు కదలక నిలిచినచో పని కుదిరినది. వెనుకకు వచ్చినచో ఎక్కడనో ఇంకను కారుచున్నది, లేదా తేమ మిగిలియున్నది.

గ్యాసును త్రాసుమీద తూచియే నింపవలెను. ఫ్రియాన్ బండిని 134ఏకు మార్చినప్పుడు మొదటి తూకములో 80 మొదలు 90 శాతము చాలును. ఇంజను నడచునప్పుడు నీలపు ప్రక్కనుండియే, సిలిండరును నిలువుగా ఉంచి, ఆవిరి రూపమున ఎక్కింపవలెను. ఎరుపు ప్రక్క తెరచినచో అచ్చటి పీడనము సిలిండరులోనికి వెనుదిరిగి అది పగిలిపోవచ్చును. చివరకు కారు లోపల థర్మామీటరు పెట్టి చూడవలెను. లోపలి గాలినే తిరిగి వాడుకొనునట్లు పెట్టి కొంతసేపు నడపినమీదట, గ్రిల్లునుండి వచ్చు గాలి బయటిదానికంటె 15 మొదలు 20 డిగ్రీలు తక్కువగా ఉన్నచో పాత బండికి అది మంచి ఫలితమే.

ఇక పనివాని క్షేమము. ఈ ద్రవము కంటిలో పడినచో అక్కడనే మరిగి కంటిని గడ్డకట్టించును, చూపు పోవచ్చును. కండ్లద్దములు, చేతితొడుగులు లేక గొట్టము విప్పరాదు. సిలిండరును మంటమీద కాచరాదు. ఫ్రియాన్ కారుచున్నచోట మంటగాని, వెల్డింగుగాని, బీడీగాని కూడదు. మంటకు తగిలినచో అది విషవాయువుగా మారును. చవక అని వంటగ్యాసును నింపువారు కలరు. కూలింగు కాయిలు ఉన్నది ప్రయాణికుల కాళ్లవద్ద. అది కారినచో మూసిన కారులో ఒక్క నిప్పురవ్వ చాలును. పేరులేని సిలిండర్లను కూడ కొనరాదు. 2011లో సముద్రపు సరుకు రవాణాలో వాడు శీతల కంటైనర్లలో కల్తీ వాయువు చేరి, అల్యూమినియముతో కలిసి పేలుడు పదార్థమై, కార్మికుల ప్రాణములు తీసినది. నేడు పాత ఫ్రియాన్ పేరిట ఎవరైన సిలిండరు అమ్మజూపినచో, లోపలనున్నది ఏమో అని మొదట శంకింపవలెను.

ఈ విద్య పుస్తకమువలన కొంత, చేతివలన కొంత వచ్చునది. ఐటీఐలలో శీతల యంత్రముల మరమ్మతు ఒక ప్రత్యేక శిక్షణగా కలదు. 2019 మార్చిలో వెలువడిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్షమంది మరమ్మతు పనివారికి శిక్షణ, యోగ్యతాపత్రము ఇవ్వవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. పదేండ్లుగా గ్యాసు కొట్టుచున్న మేస్త్రీకి చేతివాటముండును. కొత్తగా చదివివచ్చిన కుర్రవానికి లెక్క తెలిసియుండును. ఇద్దరును ఒకే బండి ముందు నిలిచి, "ఎందుకు తగ్గినదప్పా?" అని ఒకరినొకరు అడుగుకొన్ననాడు ఇద్దరును నేర్చుకొందురు.

యజమానులకు మా మనవి ఒక్కటే. షెడ్డుకు పోయినప్పుడు "గ్యాసు కొట్టు" అని అడుగక, "ఎక్కడ కారుచున్నదో చూడుము" అని అడుగుడు. ఆ వెదకుటకు పట్టిన కాలమునకు కూలి ఇచ్చుటకు వెనుదీయకుడు. చూచి కనిపెట్టిన పనికి కూలి దొరకనిచోట ఎవడును చూడడు. గ్యాసుకే డబ్బు దొరకినచోట గ్యాసే అమ్ముడుపోవును. పాత బండిని ప్రేమించువారు దానిని బాగుచేయు చేతులను కూడ కాపాడుకొనవలెను.